బొచ్చు రంగు చూసి మోజుపడే ముందు

చెల్లెమ్మలూ, ఈసారి మన ముచ్చట కుక్కపిల్లల గురించి. ఈ మధ్య మీలో చాలామంది ఫోనులో ఫొటోలు పంపి "అక్కా, ఈ రంగు మంచిదేనా? ఇంత డబ్బు పెట్టొచ్చా?" అని అడుగుతున్నారు. ఆ ఫొటోల కింద అమ్మేవాళ్ళు రాసిన మాటలు చూస్తే ఎవరికైనా తికమకే. బ్లూ మెర్ల్, లైలాక్ అండ్ టాన్, సేబుల్, పార్టీ కలర్, రివర్స్ బ్రిండిల్. పేరు ఎంత కొత్తగా ఉంటే ధర అంత పైకి. ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లో నల్లదానికి ఒక రేటు, పక్కనే పడుకున్న "రేర్ కలర్" పిల్లకు దానికి మూడింతల రేటు.

ఆ పేర్లు ఊరికే పుట్టినవి కావు. ప్రతి పేరు వెనకా కుక్క ఒంట్లో జరిగే పని ఒకటి ఉంది. కొన్ని రంగులు ఉత్త అందం, వాటివల్ల మంచీ లేదు, చెడూ లేదు. కొన్ని మాత్రం ఆ పిల్లకు చెవులు వినపడతాయా, కళ్ళు కనపడతాయా, ఒంటిమీద వెంట్రుకలు నిలుస్తాయా అన్నది ముందుగానే చెప్పే గుర్తులు. ఈ తేడా తెలియకపోతే డబ్బు పోవడం అటుంచి, ఒక మూగజీవం బతుకంతా కష్టపడుతుంది. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం.

జంతువుల రంగులు చూసి పేరు పెట్టడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. గోదావరి జిల్లాల్లో పుంజును చూడగానే ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అనేస్తారు. ఆవుల్లో కపిల, పుల్ల, కర్రి, మైల, బొల్లి. కుక్క దగ్గరికొచ్చేసరికి నల్లది, ఎర్రది, తెల్లది, మచ్చలది అని ఊరుకున్నాం. వాకిట్లో పడుకునే కుక్కకు ఆ నాలుగు మాటలూ చాలు. వేలకు వేలు పోసి కొనేటప్పుడు చాలవు.

ముందు అసలు సంగతి చెబుతాను. ఏ కుక్క ఒంటిమీదైనా ఉండే రంగుపదార్థాలు రెండే రెండు. ఒకటి నలుపునిచ్చేది, ఇంకోటి ఎరుపు, పసుపులనిచ్చేది. నలుపునిచ్చేది కొన్ని కుక్కల్లో ముదురు గోధుమరంగుగా మారుతుంది. దాన్నే చాక్లెట్ అనీ, లివర్ అనీ అంటున్నారు. కొన్నిట్లో అదే నలుపు పలచబడి బూడిదరంగుకు తిరుగుతుంది. దానికి పెట్టిన పేరే బ్లూ. ఎరుపు బాగా ముదిరితే ఐరిష్ సెట్టర్ ఒంటిరంగు, పలచబడితే మీగడరంగు. ఎర్రకీ పసుపుకీ మధ్య ఉండే లేత గోధుమరంగుకు ఫాన్ అని పేరు. మనకు 2003లో హచ్ ఫోను ప్రకటన తెచ్చిన పగ్ ఉంది చూశారా, పిల్లవాడి వెంట నడిచే ఆ బుజ్జి కుక్క, దాని రంగు ఫాన్. మూతి మీది నలుపును మాస్క్ అంటారు. ఇక రంగు తయారుచేసే కణాలే చేరని చోట తెలుపు. వందల పేర్లు విని బెదిరిపోకండి, అన్నీ ఈ రెండు రంగుల్లోంచీ, ఆ తెలుపులోంచీ వచ్చినవే.

లాబ్రడార్‌ను తీసుకుంటే ఈ లెక్క బాగా అర్థమవుతుంది. ఆ జాతికి ఒప్పుకున్న రంగులు మూడు: నలుపు, పసుపు, చాక్లెట్. నల్ల తల్లికీ నల్ల తండ్రికీ పసుపు పిల్లలు పుట్టాయని, ఏదో మోసం జరిగిందని అమ్మినవాళ్ళతో గొడవకు దిగినవాళ్ళను చూశాను. అందులో మోసమేమీ లేదమ్మా. నలుపు పైకి కనిపించే గుణం, పసుపు, చాక్లెట్ లోపల దాక్కునే గుణాలు. రెండు నల్ల లాబ్రడార్లకు ఒకే కాన్పులో మూడు రంగుల పిల్లలూ పుట్టవచ్చు. కానీ రెండు పసుపువాటికి పసుపు పిల్లలే పుడతాయి. రెండు చాక్లెట్లకు నల్లపిల్ల పుట్టదు. కాబట్టి తల్లీతండ్రీ రెండూ పసుపే అని చూపించి పక్కన నల్లపిల్లను అమ్మజూపితే అప్పుడు అనుమానించాలి. ఆ పిల్ల తండ్రి వేరు. 1899లో ఇంగ్లండులో పుట్టిన బెన్ ఆఫ్ హైడ్ అనే కుక్కను రికార్డుకెక్కిన మొదటి పసుపు లాబ్రడార్‌గా చెబుతారు. దాని తల్లీతండ్రీ నల్లవే.

చాక్లెట్ లాబ్రడార్ కావాలని పట్టుబట్టే చెల్లెళ్ళకు ఒక్క మాట. బ్రిటన్‌లో 33 వేలకు పైగా లాబ్రడార్ల వైద్య రికార్డులు తీసి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. నల్లవి, పసుపువి 12.1 ఏళ్ళ మధ్యస్థ ఆయుష్షు బతికితే, చాక్లెట్‌వి 10.7 ఏళ్ళు. చెవిపోట్లు, చర్మరోగాలు కూడా చాక్లెట్‌వాటిలోనే ఎక్కువ. చాక్లెట్ రంగే విషమని కాదు దీని అర్థం. చాక్లెట్ పిల్లలు పుట్టాలంటే ఆ గుణం ఇటూ అటూ రెండువైపులా ఉండాలి. ఆ రంగుకోసం కొద్దిపాటి కుక్కల్లోనే జతలు కట్టుకుంటూ పోతే రంగుతోపాటు రోగాలూ పోగుపడి ఉంటాయని ఆ పరిశోధకులు అనుకుంటున్నారు. మన చుట్టాల్లో మేనరికాల గురించి డాక్టర్లు చెప్పేదీ ఇదేగా!

కుక్కపిల్ల రంగు తేల్చుకోవడానికి మీకొక సులువు చెబుతాను. బొచ్చు కాదు, ముక్కు చూడండి. ముక్కు చర్మం, కంటిరెప్పల అంచులు, పెదవుల అంచులు అబద్ధం చెప్పవు. చాక్లెట్ రంగు కుక్కకు ముక్కు నల్లగా ఉండే అవకాశమే లేదు, అది కూడా గోధుమరంగే. బ్లూ కుక్క ముక్కు బూడిదరంగు. ఎండలో పెట్టి ఫొటో తీసి, రంగులు దిద్ది "సిల్వర్" అని పంపితే ముక్కు దగ్గరగా కనబడే ఫొటో ఇంకోటి అడగండి. గులాబీరంగుకు తిరిగిన ముక్కు చూసి మాత్రం వెంటనే కంగారుపడొద్దు. లాబ్రడార్లకూ హస్కీలకూ చలికాలంలో ముక్కు రంగు తగ్గి, మళ్ళీ ఎండలు రాగానే ముదరడం మామూలే.

బ్లూ, లైలాక్ అనే రంగుల దగ్గర కాస్త ఆగాలి. నలుపు పలచబడితే బ్లూ, చాక్లెట్ పలచబడితే లైలాక్ లేదా ఇసబెల్లా. పలచబడడం అంటే రంగు తక్కువ పడడం కాదు. వెంట్రుక లోపల రంగు రేణువులు సమంగా పరుచుకోకుండా ముద్దలు ముద్దలుగా ఉండిపోతాయి. ఇలాంటి కొన్ని కుక్కల్లో ఆ ముద్దలున్నచోట వెంట్రుక బలహీనపడి తెగిపోతుంది. పుట్టినప్పుడు ముద్దుగా, నున్నగా ఉన్న పిల్లకు ఆరునెలలు దాటాక, మూడేళ్ళలోపు, వీపు పొడుగునా బొచ్చు పలచబడి, చర్మం పొలుసులు రేగి, కురుపులు కట్టడం మొదలవుతుంది. బ్లూ డాబర్‌మాన్లలో ఇది బాగా ఎరిగిన జబ్బు. నూనె రాస్తే, గుడ్డు పెడితే మళ్ళీ మొలుస్తుందనుకోకండి. పోయిన బొచ్చు తిరిగి తెచ్చే మందు లేదు, చర్మాన్ని జాగ్రత్తగా చూసుకోవడమొక్కటే మన చేతుల్లో ఉంది. వైమరానర్ జాతి మొత్తం ఈ పలచబడిన రంగుదే అయినా వాటిలో ఈ జబ్బు అరుదు. కాబట్టి బూడిదరంగు కుక్కలన్నీ రోగిష్టివని నేననను. మామూలుగా నలుపో గోధుమో ఉండే జాతిలో బ్లూకి ఎక్కువ డబ్బు అడిగితే మాత్రం ఒద్దనే అంటాను.

ఇక సేబుల్. ఇది నాకెంతో ఇష్టమైన రంగు, ఎందుకంటే దీన్ని దూరం నుంచి చూస్తే తెలియదు. మా పక్కింటి జర్మన్ షెపర్డ్ ఆడకుక్కకు దువ్వెన వేసేటప్పుడు భుజం మీది బొచ్చు వేళ్ళతో పాయ తీసి చూశాను. చర్మానికి ఆనుకుని మెత్తటి బూడిదరంగు లోబొచ్చు. దానిమీద నుంచి లేచిన ఒక్కో పొడుగు వెంట్రుకా మొదట్లో లేత పసుపు, నడిమికి వచ్చేసరికి ఇటుక ఛాయ, కొసన నలుపు. ఒక్క వెంట్రుకలో ఇన్ని రంగులు! అది నడుస్తుంటే వీపు మీద నీడలు కదిలినట్టు కనిపించడానికి కారణం ఇదే. తోడేలు ఒంటిరంగూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఈ రంగుకు రోగం భయం లేదు, ధర పెంచడానికి కారణమూ లేదు. అదే షెపర్డ్‌లో వీపు మీద నల్లటి జీను వేసినట్టుండే రంగుకు శాడిల్ అని పేరు. పిల్లప్పుడు అది చాలావరకు నల్లగానే ఉంటుంది, పెరిగేకొద్దీ నలుపు కాళ్ళనుంచీ మొహంనుంచీ వెనక్కి తగ్గి వీపున నిలుస్తుంది. రెండునెలల పిల్లను చూసి "ఇది నలుపే" అని తేల్చేయకండి.

నల్ల ఒళ్ళు, కాళ్ళకూ చెంపలకూ రొమ్ముకూ ఎర్రటి గుర్తులు, కనుబొమల చోట రెండు చుక్కలు. డాబర్‌మాన్, రాట్‌వీలర్, డాష్‌హండ్, తమిళనాడు కన్ని, అన్నిట్లోనూ ఉండే ఈ రంగు బ్లాక్ అండ్ టాన్. ఆ రెండు చుక్కలకు చాలా పాత చరిత్ర ఉంది. ఋగ్వేదం పదో మండలంలో యముడి సూక్తంలో ఆయన వాకిలి కాచే రెండు కుక్కలనూ నాలుగు కళ్ళవని వర్ణించారు. సరమ అనే ఆడకుక్క పిల్లలు కాబట్టి వాటికి సారమేయులని పేరు. శ్యామం, శబలం అని వాటి రంగుల పేర్లే వాటి పేర్లు. శబలం అంటే రంగులు కలిసినది. నాలుగు కళ్ళంటే కళ్ళమీది ఈ చుక్కలేనని చాలామంది పండితుల మాట. పార్సీలు కూడా చనిపోయినవాళ్ళ దగ్గరికి కుక్కను తెచ్చి చూపించే ఆచారంలో నాలుగు కళ్ళ కుక్కనే కోరేవారు. అది నిద్రపోతున్నా ఆ చుక్కలు తెరిచిన కళ్ళలా కనిపిస్తాయి మరి. దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలు, కాలభైరవుడి పక్కన ఒకటి ఉంటాయి కదా. దేవుడి దగ్గర ఉన్నప్పుడు ఏ రంగైనా దణ్ణం పెడతాం, గుమ్మంలోకి వస్తే నల్లకుక్కను అపశకునం అని తరుముతాం. ఇది నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

బ్రిండిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎరుపో ఫానో నేలమీద నల్లటి పులిచారలు. బాక్సర్, గ్రేట్ డేన్‌లలో ఎక్కువ, మన వీధుల్లోనూ అక్కడక్కడా కనిపిస్తుంది. చారలు దట్టంగా పడి దాదాపు నల్లగా కనిపిస్తే రివర్స్ బ్రిండిల్. బాక్సర్ జాతిలో నలుపు లేదు, నల్లగా కనిపించేది ఈ దట్టమైన చారలదే. తెల్లటి చోట సన్నటి చుక్కలు చల్లినట్టుంటే టికింగ్, రంగు వెంట్రుకలూ తెల్లవెంట్రుకలూ బాగా కలిసిపోతే రోన్. కాకర్ స్పానియల్‌లో బ్లూ రోన్ చూడముచ్చటగా ఉంటుంది. ఆ బ్లూ పైన చెప్పిన బ్లూ కాదు, నల్లా తెల్లా వెంట్రుకలు కలిసి దూరానికి నీలంగా తోస్తాయంతే. పార్టీ కలర్ అంటే తెలుపు మీద పెద్ద పెద్ద మచ్చలు. ఇవన్నీ కంటికి ఇంపైన సంగతులు, కొనుక్కోండి, ముద్దు చేసుకోండి.

మెర్ల్ అలా కాదు. దీని దగ్గర మాత్రం మీరు నా మాట వినాలి.

బూడిదరంగు నేలమీద నల్లటి పెచ్చులు అతికించినట్టు, ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమ. ఫొటోలో చూడగానే మనసు పారేసుకునే రంగు. ఆస్ట్రేలియన్ షెపర్డ్, కాలీ, షెట్లాండ్ షీప్‌డాగ్‌లలో ఇది ఎప్పటినుంచో ఉంది. డాష్‌హండ్‌లో దీన్నే డాపుల్ అంటారు. రంగుకణాలకు అవసరమైన ఒక జన్యువులో అదనపు ముక్క ఒకటి దూరడం వల్ల ఈ రంగు వస్తుందని 2006లో కనిపెట్టారు. తల్లినుంచో తండ్రినుంచో ఆ గుణం ఒక్కటే వస్తే కుక్క చాలావరకు బాగానే ఉంటుంది. తల్లీ మెర్లే, తండ్రీ మెర్లే అయితే పుట్టే పిల్లల్లో సగటున నాలుగోవంతుకు ఆ గుణం రెండువైపులనుంచీ చేరుతుంది. వాటిని డబుల్ మెర్ల్ అంటారు. ఒళ్ళు దాదాపు తెల్లగా ఉంటుంది, కొన్నిటికి కళ్ళు మరీ చిన్నగా, పాప పక్కకు జరిగి ఉంటాయి. వాటిలో చెవుడు ఎక్కువ. కొన్నిటికి చూపూ ఉండదు.

చెవికీ రంగుకీ సంబంధమేమిటి అంటారా? ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే చోట కూడా రంగుకణాలే పనిచేస్తాయి. అక్కడి లవణాల పాళ్ళు సరిగ్గా నిలిచేది వాటి వల్లనే. అవి లేకపోతే పుట్టిన కొద్దివారాలకే శబ్దం పట్టే వెంట్రుకకణాలు చచ్చిపోతాయి. ఇక ఏ మందూ పనిచెయ్యదు.

మా వీధిలో ఒకమ్మాయి మొదటి జీతంతో ముచ్చటపడి "వైట్ మెర్ల్, వెరీ రేర్" అన్న పిల్లను కొనుక్కుంది. గేటు చప్పుడుకు తలెత్తదు. కుక్కరు విజిల్ వేస్తే ఉలకదు. వెనకనుంచి ముట్టుకుంటే బెదిరి పళ్ళు చూపిస్తుంది. పొగరనుకుని ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు కొన్నాళ్ళు. డాక్టరుగారు దాని వెనక గట్టిగా చప్పట్లు కొట్టి చూశాకగానీ సంగతి బయటపడలేదు. ఆ అమ్మాయి దాన్ని వదిలెయ్యలేదు, అది నాకు గొప్పగా అనిపించింది. నేలమీద అరచేత్తో తట్టి పిలవడం, చేతి సైగలు నేర్పడం, దగ్గరికెళ్ళేముందు ముందునుంచి కనబడడం అన్నీ ఓపిగ్గా అలవాటు చేసింది. చెవిటి కుక్క కూడా హాయిగా బతుకుతుంది, పెంచేవాళ్ళకు ముందే తెలిసుండాలి. తెలిసి తెలిసి అలాంటి పిల్లల్ని పుట్టించి ఎక్కువ ధరకు అమ్మడం మాత్రం పాపం. ఇంకో మాటతో చెప్పలేను.

బ్రిటన్ కెన్నెల్ క్లబ్ రెండు మెర్ల్‌ల జతకు పుట్టిన పిల్లల్ని రిజిస్టరు చెయ్యదు. మనదగ్గర అమ్మకాలు ఎక్కువగా ఫోనులోనే జరుగుతాయి గనక ఆ కాపలా మనమే కాయాలి. తల్లినీ తండ్రినీ చూపించమనండి. రెండిట్లోనూ ఆ పెచ్చులు కనబడితే లేచి వచ్చేయండి. ఇంకో చిక్కుంది: లేత పసుపు, మీగడరంగు కుక్కల ఒంట్లో మెర్ల్ ఉన్నా పైకి కనబడదు, ఎందుకంటే మెర్ల్ నలుపునే పెచ్చులు చేస్తుంది, ఎరుపును ముట్టుకోదు. అనుమానముంటే బుగ్గలోపల దూదిపుల్ల తిప్పి పంపితే జన్యుపరీక్షలో తేలిపోతుంది. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లో మెర్ల్ అసలు లేని రంగు. వేరే జాతితో కలిపి తెచ్చినదే. దాన్ని "ప్యూర్, రేర్" అని అమ్మితే ఆ రెండు మాటల్లో మొదటిది అబద్ధం. అలాగని నీలికళ్ళు చూసిన ప్రతిసారీ బెంబేలెత్తకండి. హస్కీ నీలికళ్ళకు కారణం పూర్తిగా వేరే జన్యువు, వాటి చూపుకూ వినికిడికీ లోటేమీ లేదు. హస్కీకి మన ఎండే లోటు.

తెలుపు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. డాల్మేషియన్ పిల్లలు పుట్టినప్పుడు తెల్లగా ఉంటాయి. రెండువారాలు దాటుతుండగా చుక్కలు పైకి తేలడం మొదలవుతుంది. డోడీ స్మిత్ 1956లో రాసిన నవలా, దాన్నుంచి డిస్నీవాళ్ళు తీసిన సినిమాలూ వీటికి ఎక్కడలేని మోజు తెచ్చాయి. అమెరికాలో వినికిడి పరీక్షలు చేసి చూస్తే దాదాపు 30 శాతానికి ఒక చెవో, రెండు చెవులో పనిచెయ్యవని తేలింది. కొన్ని పిల్లలు పుట్టుకతోనే చెవిమీదో కంటిమీదో పెద్ద నల్లమచ్చతో వస్తాయి. వాటిలో చెవుడు తక్కువ, రంగుకణాలు తలదాకా చేరాయన్నమాట. కానీ పోటీలకు ఆ మచ్చ పనికిరాదని అమెరికన్ కెన్నెల్ క్లబ్ నియమం. ఆరోగ్యాన్ని సూచించే మచ్చ లోపమెలా అవుతుంది? ఆ నియమం నాకు అన్యాయంగానే తోస్తుంది. మీరు పోటీలకు పంపరు కదా, చెవిమీద మచ్చ ఉన్న పిల్లే దొరికితే సంతోషంగా తెచ్చుకోండి.

మన దగ్గరి రాజపాళయం కుక్క ఉంది. రాజపాళయం తమిళనాడులో విరుదునగర్ జిల్లా ఊరు. తెలుగు మాట్లాడే రాజులు తరతరాలుగా ఉంటున్న ఊరు. ఆ ఊరి కుక్క పాలతెలుపు ఒంటితో, గులాబీరంగు ముక్కుతో ఎంత ఠీవిగా ఉంటుందో! 2005లో తపాలాశాఖ దానిమీద స్టాంపు కూడా వేసింది. ఆ తెలుపు చెడకూడదని తెల్లదానికి తెల్లదాన్నే జతకట్టడం వల్ల ఈ జాతిలోనూ చెవిటి పిల్లలు పుడుతున్నాయి. కొనేటప్పుడు పిల్లను మిగతావాటినుంచి వేరుచేసి, అది అటు తిరిగి ఉన్నప్పుడు వెనకనుంచి తాళాలగుత్తి ఆడించి చూడండి. నేలమీద కొట్టకండి, అదురు కాళ్ళకు తెలిసి తల తిప్పేస్తుంది. ఒక చెవే పోయిందా అన్నది ఇలా తేలదు, దానికి ఆసుపత్రిలో చేసే బేర్ అనే వినికిడి పరీక్ష కావాలి.

రంగుల మాట అయ్యింది, ఇక బొచ్చు. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటుంది. 80 జాతుల్లో వెయ్యికి పైగా కుక్కల్ని చూసి, వాటి బొచ్చులోని తేడాల్లో చాలావాటికి మూడు జన్యువులే కారణమని తేల్చారు. పొడుగుకు ఒకటి, ఉంగరాలకు ఒకటి, మీసాలూ గడ్డాలూ కనుబొమలూ మొలవడానికి ఒకటి. మూడూ కలిస్తే పూడుల్. ఒక్క పొడుగే వస్తే గోల్డెన్ రిట్రీవర్. మీసగడ్డాలు మాత్రమే వచ్చి బొచ్చు గరుగ్గా నిలబడితే వైర్ కోట్. ఏదీ లేకపోతే మన వీధికుక్కకు, బాసెట్ హౌండ్‌కు ఉండే పొట్టి నున్నటి బొచ్చు. హంగేరీ కొమొండోర్‌కైతే బొచ్చు జడలు కట్టి నేలదాకా వేలాడుతుంది. మన ఉక్కలో అలాంటిదాన్ని ఊహించుకోవడానికే కష్టంగా ఉంది.

మీ ఇంటికి కావలసిన విషయం ఇంకోటి: మీ కుక్కకు బొచ్చు ఒక పొరా, రెండు పొరలా? వీపు మీద వేళ్ళతో పాయ తీయండి. పైన గరుకు వెంట్రుకలు, కింద దూదిలాంటి లోబొచ్చు కనిపిస్తే రెండు పొరలు. పామెరేనియన్ అని మనం పిలుచుకునే ఇండియన్ స్పిట్జ్, షెపర్డ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ అన్నీ ఈ కోవే. ఏప్రిల్ రాగానే "పాపం ఉక్కపోస్తుంది" అని వీటికి గుండు కొట్టించేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆ రెండు పొరల మధ్య నిలిచే గాలి థర్మాస్ ఫ్లాస్కులాగా చలినీ ఆపుతుంది, ఎండనీ ఆపుతుంది. కుక్కకు ఒంటినిండా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడంతోనే అది చల్లబడుతుంది. గుండు కొడితే చర్మం కాలుతుంది, పైగా కొన్నిటికి ఆ బొచ్చు మళ్ళీ మొలవదు, మొలిచినా అతుకులు అతుకులుగా వస్తుంది. రోజూ దువ్వి రాలిన లోబొచ్చు తీసేయండి, గోమార్లున్నాయేమో చెవులవెనకా వేళ్ళసందుల్లోనూ చూడండి. మధ్యాహ్నంపూట తడిగుడ్డ పరిచిన నేల చాలు.

షిత్జు, మాల్టీస్, పూడుల్‌ల సంగతి వేరు. వీటి బొచ్చు మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది, రాలడం తక్కువ. అలా వదిలేస్తే చంకల్లో, చెవులవెనక ఉండలు కట్టి చర్మాన్ని లాగుతుంది. ఆ ఉండ కింద చెమ్మ చేరి పుండవుతుంది. వీటికి నెలకోసారైనా కత్తిరింపు తప్పదు. కొనే ధరతోపాటు ఆ ఖర్చూ లెక్కేసుకోండి.

"బాబుకు ఆయాసం అక్కా, బొచ్చు రాలని జాతి అయితే ఫర్వాలేదట కదా" అని ఒక చెల్లెలు అడిగింది. అమ్మేవాళ్ళు అలా చెబుతారు, నిజం కాదు. ఎలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, కుక్క ఉమ్మిలో, చర్మం పొట్టులో ఉండే ప్రోటీన్. అది అన్ని కుక్కలకూ ఉంటుంది. 2011లో అమెరికాలోని డెట్రాయిట్‌లో కుక్కలున్న ఇళ్ళలో దుమ్ము తీసి కొలిచారు. ఎలర్జీ తక్కువని పేరున్న జాతులున్న ఇళ్ళకూ మిగతా ఇళ్ళకూ తేడా కనిపించలేదు. ముందు బాబును డాక్టరుకు చూపించు తల్లీ. తర్వాత తెలిసినవాళ్ళ కుక్క దగ్గర నాలుగు రోజులు కాసేపు కాసేపు ఉంచి చూడు. తెచ్చుకుని, అలవాటు చేసి, ఆ తర్వాత ఎవరికో ఇచ్చేస్తే పిల్లవాడూ ఏడుస్తాడు, కుక్కా బెంగపడుతుంది.

ఇంత చెప్పాక నా మనసులో మాట కూడా చెప్పాలి. మన వాతావరణానికి అన్నివిధాలా తగిన బొచ్చు మన కుక్కలకే ఉంది. కొల్లేరు చుట్టుపక్కల జొనంగి అని ఒక జాతి ఉంది, విన్నారా? పొట్టి నున్నటి బొచ్చు, నుదుట ముడతలు, నిలబడిన చెవులు. ఫాన్ రంగు ఎక్కువ, నలుపు, తెలుపు, మచ్చలవీ ఉన్నాయి. బాతుల మందల్ని కాసేవాళ్ళ వెంట తిరిగేది. బాతులు పోయి చేపలచెరువులు వచ్చాక దానికి పని పోయింది, అడిగేవాళ్ళూ తగ్గిపోయారు. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ముధోల్, రాజపాళయం, కన్ని, చిప్పిపారై, కొంబై లాంటి దేశవాళీ కుక్కల్ని పెంచమన్నాక వాటికి కాస్త గిరాకీ పెరిగింది. మన ఆంధ్ర కుక్క పేరు మాత్రం మన పిల్లలకే తెలియదు. పేరున్న జాతి కోసం చూస్తుంటే దాన్ని కూడా తలుచుకోండి.

జాతి పేరు అక్కర్లేదంటే మీ వీధి చివర పుట్టిన ఎర్రపిల్ల ఉండనే ఉంది. దాని లేత గోధుమరంగు బొచ్చుకు దువ్వెన పనీ తక్కువ, కత్తిరింపు ఖర్చూ లేదు. గుర్తుల్లో మీరు తప్పకుండా తెలుసుకోవలసినది కూడా వీధికుక్కల దగ్గరే ఉంది. వీధికుక్క చెవి కొస చిన్న ముక్క కోసి ఉంటే ఎవరో కొట్టారనుకోకండి. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్ళీ దాని చోటులోనే వదిలిపెట్టారని గుర్తు. మత్తులో ఉన్నప్పుడే కోస్తారు, నొప్పి తెలియదు. ఆ గుర్తున్న కుక్కను తరిమేస్తే దాని చోటులోకి టీకా వెయ్యని కొత్త కుక్క వచ్చి చేరుతుంది. మీ వీధిలో చెవులు నిండుగా ఉన్న కుక్కలు ఎన్నున్నాయో ఈ వారం చూసి, మున్సిపాలిటీకో దగ్గర్లోని జంతుసంక్షేమ సంస్థకో ఫోన్ చెయ్యండి. పిల్లను తెచ్చుకునేవాళ్ళు ఆరువారాలు నిండగానే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి టీకాలు మొదలుపెట్టించండి.